చింతకొమ్మ మీద రేకుడబ్బా

ఆత్మకూరు నేతగాళ్లలో గండయ్య అంత మొండివాడు ఇంకొకడు లేడు. వీధిలో పడుగు నూలు బారుగా చాచి గంజి పెడితే చాలు, చింతచెట్టు మీది కోతులు దాని మీదికి దూకేవి. పోయిన నెల పడుగంతా పీలికలైంది. ఇంకొకటి పోయిందా, మగ్గం విప్పి బొంబాయి మిల్లుకు పోవడమే. ఆ మాటంటేనే గండయ్యకు ఒళ్లు మండేది.

కోతిని కొడదామా అంటే ఆంజనేయుడి కోపం ఎవడు భరించాలి! అందుకని చింతకొమ్మకు రేకుడబ్బా కట్టాడు. అది మోగితే అవి బెదిరి పారిపోతాయి. మోగించడమెట్లా? రాయి విసిరితే తగలదు. గంజి ఆరేలోపు పడుగు వదిలి పోవడానికీ లేదు.

పందొమ్మిది వందల అరవై రెండు చలికాలంలో బావమరిది దశరథం బొంబాయి నుంచి గాలితుపాకి, దాని మీద బిగించే చిన్న దుర్బిణి తెచ్చాడు. గండయ్య కాలు నేల మీద నిలవలేదు. బిగించే పట్టీలు మరిచొచ్చానని దశరథం నసిగితే, నేతగాడికి నూలుండగా ఇనుమెందుకన్నాడు. గంజినూలు నలభై చుట్లు చుట్టి బిగించేశాడు.

అరుగు నుంచి చింతచెట్టెంత దూరమో అంత దూరాన గోడకు చుక్క పెట్టిన కాగితం అతికించి మూడు గుండ్లు కొట్టాడు. ఎడమకు జానెడు పోయాయని భార్య మల్లమ్మ చూసి చెప్పింది. గురిని పక్కకు జరిపే దుర్బిణి పక్కమర తిప్పాడు. ఈసారి బెత్తెడు కిందికి. గురిని పైకి జరిపే పైమర తిప్పాడు. మూడూ చుక్కలోనే పడ్డాయి! వాడలో అందరినీ పిలిచి చూపించాడు. తెల్లారి కొడితే గుండు ఎటో పోయింది. మళ్లీ కుదిర్చాడు, మళ్లీ తెల్లారి అంతే.

మూడో పొద్దున మల్లమ్మ ఆ నూలును వేలితో నొక్కింది. మంచుకు గంజి నాని చుట్లు వదులయ్యాయి.

"గంజి నానితె వదులైతదని మగ్గం నేసే సాలోనికి నేను చెప్పాల్నా?" అంది.

గండయ్యకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. కమ్మరి ఐలేశంతో ఇనుప పట్టీలు చేయించి గట్టిగా బిగించాడు. ఆ తర్వాత మూడు రోజులూ గురి తప్పలేదు.

నాలుగో పొద్దున పడుగు చాచారు. ఇంట్లో ఉన్న నూలంతా అదే. గండయ్య ఆ చివర గంజి చేతులతో ఉన్నాడు, తుపాకి ఈ చివర అరుగు మీద ఉంది. కొమ్మ ఊగింది. పెద్దకోతి దిగుతోంది.

ఈ చివరనున్న మల్లమ్మ కుంచె పడేసి తుపాకి అందుకుంది. దుర్బిణికి కన్ను ఆనించింది. ఠంగ్! డబ్బా గిర్రున తిరిగింది. కోతుల గుంపంతా వాడ దాటి పోయింది.

గండయ్య గంజి చేతులతోనే గంతులేశాడు. ఇదంతా ఎప్పుడు నేర్చావని అడిగాడు.

"మరలు తిప్పింది నువ్వు. గుండు యాడ పడ్డదో చూసింది నేను గాదా? గంజి ఆరిపోతాంది, జర పని చూడు."

బొంబాయి మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తుపాకి మాత్రం మల్లమ్మ చేతికే పోయింది.