నల్ల కారు మీద తెల్ల వేళ్ళు

ఆరేళ్ళుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాను. మా ఇంట్లో ఒక్కరూ నోరు విప్పరు. అడిగినప్పుడల్లా అక్క పొయ్యి మీద పాలు చూడటానికి లేస్తుంది, బావ ఫోన్‌లో తల దూరుస్తాడు. అందుకే మీ ముందుకు తెస్తున్నాను. ఇందులో నా తెలివితక్కువతనం బండెడు ఉంది. నవ్వండి, కాదనను. కానీ చివరిదాకా విని నవ్వండి.

ఛత్రినాకలో అక్కాబావల ఇంట్లోనే ఉండేవాణ్ని. రేషన్ దుకాణంలో పని. జనం బొటనవేళ్ళు మెషిన్ మీద పెట్టించడంతోనే పొద్దంతా గడిచేది. బావకు ఒక నల్ల కారు ఉండేది. ఎక్కి తిరిగేది కాదు, అల్మారాలో పెట్టి చూసుకునేది. జానెడు పొడవు, లోహపు ఒళ్ళు, తాలింఖానా పహిల్వాన్‌లా ఉబ్బిన భుజాలు. పాత అమెరికా మజిల్ కారుకు అచ్చు నమూనా. బావ తెల్ల తొడుగులు వేసుకుంటే తప్ప దాన్ని ముట్టడు. మూత ఉన్న అద్దాల డబ్బాలో దాని కాపురం.

ఒక ఆదివారం ఇలాంటి కార్లు దాచుకునేవాళ్ళంతా కలుస్తున్నారు. బావ నాతో అన్నాడు: "బామ్మర్ది, ఈసారి నువ్వు గూడ రా."

ఆ ఇంట్లో ఉన్న మూడేళ్ళలో బావ నన్ను ఎక్కడికైనా రమ్మనడం అదే మొదటిసారి. నా గుండె ఉప్పొంగేలోపే రెండో మాట వచ్చింది: "గని కారు మాత్రం ముట్టకు."

చూశారా? పిలిచిన నోటితోనే అవమానం! ముట్టి, దాన్ని పదిమందిలో మెరిసేలా చేసి, నేనెవరో చూపించాలనుకున్నాను.

శనివారం అఫ్జల్‌గంజ్‌లో యూసుఫ్ భాయ్ రంగుల దుకాణానికి వెళ్ళాను. ఆయన బావ దోస్తు, ఆయనకూ ఈ కార్ల పిచ్చే.

"భాయ్, చిటికెల అతికే గమ్ము ఇయ్యి."

"తీస్కో మియా. గని అతికిచ్చినంక గాలికి పెట్టు. డబ్బాల బంద్ చేసినవనుకో, ఖేల్ ఖతం."

"గంత తెల్వదా నాకు?"

"తెలిసినోళ్ళే నా దగ్గరికి మళ్ళొచ్చి ఏడుస్తరు."

ఈ మాటా నేను మరిచిపోలేదు.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పాడైన ఇయర్‌ఫోన్ చీల్చి, వెంట్రుకంత రాగి తీగలతో ఇంజనుకు ప్లగ్గు వైర్లు అతికించాను. వెనక చిన్న నంబర్ ప్లేటు, దాని మీద బావ స్కూటర్ నంబరు. చుక్క చాలేచోట నాలుగు చుక్కలు పోశాను. అంతలో మెట్ల మీద అక్క చెప్పుల చప్పుడు! కారును డబ్బాలో దూర్చి, మూత బిగించి, అల్మారాలో పెట్టేశాను.

అక్క గుమ్మంలోనే ఆగింది. "కారు గిట్ల ముట్టినవారా?"

"నేనా? ఛీ!"

"మంచిది. పిల్లలాటలు గవన్నీ." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "నిజంగనే ముట్టలే గద?"

ఈ రెండో ప్రశ్నను గుర్తుపెట్టుకోండి.

ఆదివారం పొద్దున్నే యూసుఫ్ భాయ్ ఆటోలో వచ్చాడు. బావ తొడుగులు వేసుకుని మూత తీశాడు. కారు అద్దాలన్నీ శుక్లాలు ముదిరిన కళ్ళలా తెల్లబడ్డాయి. అదైనా నయం. నల్లటి ఒంటి నిండా తెల్లతెల్లగా వేలిముద్రలు!

"ఏందిది?" అన్నాడు బావ.

"మంచు పట్టినట్టుంది బావా."

"ఛత్రినాకల మంచా?"

యూసుఫ్ భాయ్ డబ్బాలోకి వంగి వాసన చూశాడు. "బంద్ చేసిండు! గమ్ము ఆవిరి వేళ్ళ జిడ్డు మీద వడితే గిట్లనే తెల్లగైతది. పోలీసోళ్ళు దొంగలను గిట్లనే పట్టుకుంటరు మియా."

"నేను ముట్టలే బావా, నీ మీద ఒట్టు."

బావ నా కుడి చెయ్యి పట్టుకుని బొటనవేలు ముందుకు లాగాడు. బియ్యం బస్తా కోస్తూ తెగిన ఏటవాలు గాటు. కారు ముందు మూత మీద ఉన్న బొటనవేలికీ అదే గాటు. మా దుకాణం మెషిన్ కూడా ఎన్నడూ అంత సాఫీగా ముద్ర పట్టలేదు.

"వైర్లు మాత్రం మస్తు పెట్టిండు," అన్నాడు యూసుఫ్ భాయ్.

బావ తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళిద్దరితో ఆటో వెళ్ళిపోయింది. అందులో కారూ లేదు, నేనూ లేను. బావ మళ్ళీ నన్ను ఎక్కడికీ రమ్మనలేదు.

తప్పు నాదే. కానీ మర్నాడు ఆ కారును దీక్షగా చూశాను. ఎడమ తలుపు మీద ఒక బొటనవేలు, కుడి తలుపు మీద నాలుగు వేళ్ళు. గాటు లేదు, నావి కావు. బావవీ కావు, ఆయనకు తొడుగులున్నాయి. గిన్నెలు తోమి రేఖలు అరిగిపోయిన బొటనవేలు అది. నెలనెలా మా మెషిన్ మూడుసార్లు వద్దన్నాక గానీ ఒప్పుకోని వేలు. నేనే పట్టుకుని పెట్టించేవాణ్ని, నాకు తెలియదా? పైగా ఆ పట్టు కారును ఎత్తడానికి పట్టింది కాదు. నేల మీద బుర్రుమని తోయడానికి పట్టింది.

ముద్రలు ఇద్దరివి ఉంటే శిక్ష ఒక్కడికేనా?

సరే, సమస్త పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరెప్పుడూ తొడుగులు లేకుండా ఎవరి కారునూ ముట్టను.

ఇక నువ్వు, అక్కా. పాలు పొంగితే పొంగనీ, కూర్చో. ఆరేళ్ళ ప్రశ్నకు ఈరోజు జవాబు కావాలి. మేమిద్దరం పనికి పోయిన మధ్యాహ్నాల్లో ఆ కారును ఎక్కడిదాకా నడిపినవ్?