మూడు సిఫారసు ఉత్తరాలు, ఒకే పారాణి

నా గురించి ముగ్గురు పండితులు ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలు చదివితే, ఆ రోజుల్లో దక్షిణదేశంలో నన్ను మించిన పరిశోధకుడు లేడని మీరే ఒప్పుకుంటారు. "ఇంత నిశితమైన చూపు నా ఉద్యోగ జీవితంలో ఎరగను" అన్నారు ఒకరు. "ఇతని పని పూర్తయితే ఈ శాస్త్రాన్ని మళ్లీ మొదటినుంచి రాసుకోవాలి" అన్నారు ఇంకొకరు. మూడో ఆయన నన్ను ఏకంగా సముద్రంతో పోల్చారు.

ఆ మూడూ నేనే రాశాను.

ఎనభైల నాటి హైదరాబాదు మాట. ఎస్.ఆర్. నగర్‌లో ఒక గది, అందులో నేనూ, నా రూమ్మేటూ, మా ఇద్దరి పుస్తకాలూ. తాతల కాలంలో చెరకు తోటల్లో పనికి మారిషస్ వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్ల పెళ్లి ఆచారాలూ, పెళ్లి పాటలూ నా పరిశోధన. మారిషస్‌ని ఆపోసన పట్టినవాడిలా మాట్లాడేవాణ్ణి. నేను చూసిన సముద్రం మాత్రం మచిలీపట్నం దగ్గరిదే, అదీ మోకాళ్ల లోతు వరకే. ఇక్కడ తెలుగు నేర్చుకోవడానికి వచ్చిన మారిషస్ విద్యార్థులు తమ నాయనమ్మల చేత పాడించి తెచ్చిన టేపులే నాకు ఆధారం. "పందిట్లోకి వెళ్లకుండా బయట నిలబడి విన్న పెళ్లి గురించి ఎంతకాలం రాస్తావయ్యా?" అని మా గైడు గారు దెప్పేవారు.

ఇంగ్లండులో ఒక సంస్థ ఏటా ఇలాంటి పనులకి ఒక ఏడాది ఫెలోషిప్పూ, విడిగా క్షేత్ర పరిశోధనకి గ్రాంట్లూ ఇచ్చేది. అయితే ముప్పై నిండకూడదు. రాబోయే శ్రావణానికి నాకు నిండుతాయి. ఈసారి దాటితే నా జీవితంలో మారిషస్ ఇక టేపుల్లోనే.

లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఆ ప్రకటన చూడగానే అమీర్‌పేట దాకా పరుగెత్తుకుంటూ వచ్చానని చెబుతుంటాను. నిజానికి బస్సెక్కాను. కానీ సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను, దారంతా కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాను. అది మాత్రం నిజం.

మా గైడు గారి ఇల్లు అమీర్‌పేటలోనే. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు.

"సిఫారసు ఉత్తరమా? నువ్వే రాసుకురావయ్యా, సంతకం పెట్టేస్తాను."

"నా గురించి నేనెలా రాసుకుంటానండీ?"

"నీ గురించి నీకు తెలిసినంత నాకేం తెలుసు? మొహమాటపడకు. అవతలివాళ్లకి మన మొహమాటాలు అర్థం కావు."

ఇది మోసం కాదు, మాలో మర్యాద. పెద్దాయనకి తీరిక ఉండదు, కుర్రాడికి అవసరం ఉంటుంది. కుర్రాడు రాసుకుంటాడు, పెద్దాయన అక్షింతలు వేసినట్టు సంతకం వేస్తారు. విశాఖపట్నంలో ఉన్న చరిత్ర ప్రొఫెసరు గారూ, మద్రాసులో ఉన్న భాషాశాస్త్రం ప్రొఫెసరు గారూ ఇంకా ఉదారులు. తమ పేరు అచ్చేసిన కాగితాల మీద అడుగున సంతకం పెట్టి, పైనంతా ఖాళీ వదిలి, తిరుగు టపాలో పంపేశారు. అంత నమ్మకం మా నాన్నకి కూడా నా మీద ఉండేది కాదు.

మూడు ఉత్తరాలూ ఒక్క పూటలో రాసి పారేశానని అంటుంటాను. తొమ్మిది రోజులు పట్టింది. తనని తాను పొగుడుకోవడం మొదటి పేజీ దాకా సిగ్గుగా ఉంటుంది, రెండో పేజీలో రుచి తెలుస్తుంది, ఆ తర్వాత ఆపడం కష్టం.

పంజగుట్ట చౌరస్తా దగ్గర ఒక మేడమెట్ల కింద టైపింగ్ దుకాణం ఉండేది. దాన్ని నడిపే భాయ్ మిషను వైపు చూడకుండా, నోరు ఆపకుండా టైపు కొట్టగలడు. నా పరిశోధన సగం కూడా కాకముందే నన్ను డాక్టర్ సాబ్‌ని చేసేశాడు.

మొదటి రెండు ఉత్తరాలు కొట్టి కళ్లజోడు తీశాడు.

"క్యా బాత్ హై, డాక్టర్ సాబ్! గింత పెద్ద మనిషివని నాకు ఎర్కనే లేదు."

"నువ్వు టైపు కొట్టు భాయ్."

"కొడ్తున్న. కానీ గీ మూడోది జర చప్పగున్నది. గాళ్లిద్దరు గంత మస్తు పొగిడిన్రు, గీ మద్రాసాయన సుత పెంచాలె గదా? లేకుంటే నీ మీద ఆయనకేమో కోపమున్నదనుకుంటరు."

"ఏం పెట్టమంటావు?"

"సముద్రం లెక్క లోతున్న మనిషి అని పెట్టు. నువ్వు పోయేది సుత సముద్రం దాటే గదా."

సముద్రం అలా వచ్చింది.

మూడో కాగితం బయటికి లాగి మూడూ కలిపి చూస్తే, ప్రతి అక్షరం అడుగునా సన్నగా ఎరుపు. మిషనులో ఉన్నది పైసగం నలుపు, కిందిసగం ఎరుపు ఉన్న రిబ్బను. అది లేవాల్సినదానికంటే ఎక్కువ పైకి లేచి, అక్షరాల కాళ్లు ఎరుపులో పడుతున్నాయి. అచ్చం పెళ్లికూతురి పాదాలకి పారాణి పెట్టినట్టు.

"ఉత్త నల్ల రిబ్బను ఎల్లుండి వస్తది సాబ్. ఆగుతవా?"

"రేపే పోస్టు చెయ్యాలి భాయ్."

"అయితే ఫికర్ చెయ్యకు. మెహందీ పెట్టినట్టే ఉన్నది. నీ చదువు సుత పెండ్లిళ్ల మీదనే గదా!"

ఇద్దరం నవ్వుకున్నాం. కాగితాలు మూడు రకాలు, సంతకాలు మూడు రకాలు, ఊళ్లు మూడు. మా కళ్లకి అవి నిజంగానే ముగ్గురు మనుషులైపోయాయి. పైగా నేను సామాన్యుణ్ణా! కవర్ల మీద చిరునామాలు ఒకటి కుడిచేత్తో, ఇంకొకటి ఎడమచేత్తో రాసి, మూడోది రూమ్మేటు చేత రాయించాను. ఇంత జాగ్రత్తపడ్డ మనిషికి అక్షరాల కాళ్ల కింద ఎరుపు గుర్తు రాలేదు.

రెండు నెలలకి పిలుపు వచ్చింది. సంస్థవాళ్లు హైదరాబాదు వస్తున్నారట, బేగంపేటలో ఒక హోటల్లో ఇంటర్వ్యూ. ఆ వారమంతా నాకు అద్దం ముందు ఇంగ్లీషు తప్ప వేరే ధ్యాస లేదు. రూమ్మేటు కోటు తొడుక్కుని వెళ్లాను. చేతులు పొట్టి, ఉత్సాహం పొడుగు.

లోపల తెల్లజుట్టు దొరసాని ఒకావిడ, పక్కన ఢిల్లీ నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు. మొదటి అరగంట నేను వెలిగిపోయాను. ఆవిడ పాట పాడమన్నారు. మారిషస్ టేపులోని పెళ్లి పాట ఎత్తుకున్నాను. మధ్యలో ఆగి, "ఇక్కడ రెండు మాటలు టేపులో వినపడవండీ" అని చెప్పి, తర్వాతి చరణం అందుకున్నాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకున్నారు. మారిషస్‌లో దిగిపోయాననే అనుకున్నాను.

అప్పుడావిడ మూడు ఉత్తరాలు తీసి, బల్ల మీద పక్కపక్కన పరిచారు.

"ఈ ముగ్గురూ వేరే వేరే ఊళ్లలో ఉంటారు కదా?"

"అవునండీ."

"మరి ముగ్గురి మిషన్లకీ ఒకటే జబ్బు చేసిందేం?"

మూడు పేజీల నిండా వరసలు వరసలుగా ఎర్ర పాదాలు. నా గొప్పలన్నీ పారాణి పెట్టుకుని పీటల మీద కూర్చున్నాయి.

ఆ క్షణంలోనే తలెత్తి నిజం చెప్పేశానని నలభై ఏళ్లుగా అందరికీ చెబుతున్నాను. ముందు నేనన్నది, "మా దేశంలో రిబ్బన్లన్నీ ఇలాగే వస్తాయండీ" అని. ఢిల్లీ ప్రొఫెసరు గారు దగ్గారు. ఎదురుగా ఉన్న గ్లాసులో నీళ్లన్నీ తాగేశాను. అది ఆవిడ గ్లాసు. ఆ తర్వాత చెప్పాను.

"మూడూ నేనే రాశానండీ. సంతకాలు మాత్రం వాళ్లవే."

ఆవిడ ఢిల్లీ ఆయన వైపు తిరిగారు. "ఇది ఇక్కడ మామూలేనా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "మా దగ్గర విద్యార్థులు నన్ను ఒక మాట అడిగి రాస్తారు" అన్నారు.

ఆవిడ నవ్వలేదు. ఒక పెన్సిలు నా వైపు తోశారు. "వీటిలో నిజం కానివి కొట్టేయండి."

కొట్టేయడం మొదలుపెట్టాను. నిశితమైన చూపు పోయింది. శాస్త్రాన్ని మొదటినుంచి రాసుకోవడం పోయింది. విశాఖపట్నం ఉత్తరంలో 'ముసలివాళ్ల దగ్గర గంటల తరబడి కూర్చుని వినగలడు' అన్న వాక్యం మిగిలింది. మద్రాసు ఉత్తరంలో తారీఖూ, సంతకమూ మిగిలాయి.

"సముద్రం కూడానా?" అన్నారావిడ.

"అది టైపిస్టు గారి మాటండీ."

అప్పుడు నవ్వారు.

ఆ నవ్వు చూసి గదికి తిరిగొచ్చి, ఫెలోషిప్పు వచ్చినట్టేనని రూమ్మేటుకి చెప్పాను. రాలేదు. నెలన్నరకి ఉత్తరం వచ్చింది. ఫెలోషిప్పు ఇంకెవరికో ఇచ్చారు. కానీ మారిషస్‌లో నాలుగు నెలల పనికి గ్రాంటు ఇస్తారట, ఒక షరతు మీద. నా గైడు గారు సొంతంగా, సొంత దస్తూరీతో ఒక ఉత్తరం రాయాలి. అది నచ్చకపోతే గ్రాంటు లేదు.

పరుగెత్తాను. ఈసారి నిజంగానే.

మా గైడు గారు ఆ షరతు రెండుసార్లు చదివారు. "నేనే రాయాలా?" అన్నారు, ఇంజక్షను చేస్తామని చెబితే అడిగినట్టు. నన్ను వరండాలో కూర్చోబెట్టి లోపలికెళ్లారు. వాళ్లావిడ కాఫీ తెచ్చి, "ఏం రాయమన్నావు నాయనా? ఇప్పటికే నాలుగు కాగితాలు చింపారు" అన్నారు. నా కాఫీ చల్లారిపోయింది.

చివరికి ఆయన బయటికి వచ్చి అంటించని కవరు నా చేతిలో పెట్టారు.

"ఇన్నాళ్లూ నువ్వు రాసినవాటి మీద చదవకుండా సంతకాలు పెట్టాను. ఇది నువ్వు చదివి అంటించు."

నాలుగే వాక్యాలు. 'ఈ కుర్రాడు ఉన్నదాన్ని రెండింతలు చేసి చెబుతాడు. గట్టిగా అడిగితే ఒప్పుకుంటాడు. అయితే ఇతను టేపుల్లోంచి రాసిన పాటలన్నీ నేను స్వయంగా విని పోల్చి చూశాను. ఒక్క చరణమూ కలపలేదు, వినపడని చోట ఖాళీ వదిలాడు.'

ఆయన ఆ టేపులు విన్నారని నాకు అంతవరకూ తెలియదు. ఎప్పుడు తీసుకెళ్లారో, ఎన్ని సాయంత్రాలు కూర్చున్నారో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదటి వాక్యం మీద మాత్రం వేలు పెట్టి చూపించాను.

"ఈ మొదటి మాట తీసేస్తే బాగుంటుందేమోనండీ?"

"అది తీసేస్తే మిగతాది ఎవడు నమ్ముతాడయ్యా?"

పంజగుట్టలో భాయ్ దుకాణంలో జిగురు అడిగి కవరు అంటించాను. "ఏం రాసిండు సాబ్ మీ గురువు? సముద్రం ఉన్నదా?"

"లేదు భాయ్."

"అరె! మరెట్ల ఇస్తరు?"

ఇచ్చారు. శ్రావణం ఇంకా రాకముందే ఇచ్చారు. ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని పంజగుట్ట చౌరస్తాలో గంతులేస్తే ట్రాఫిక్ అంతా ఆగిపోయింది. అంతా అంటే రెండు స్కూటర్లూ, ఒక రిక్షా. భాయ్ దుకాణంలోంచి బయటికొచ్చి, "డాక్టర్ సాబ్, జర పక్కకు జరుగు, సముద్రం దాటకముందే బస్సు కింద పడేటట్టున్నవ్" అని నన్ను లాగాడు.

బేగంపేటలో విమానం లేచినప్పుడు కిందికి చూసి, ఆ మేడమెట్ల కింద ఉన్న దుకాణాన్ని గుర్తుపట్టానని చెబుతుంటాను. నాకు వచ్చింది నడవ పక్క సీటు.