భద్రమ్మక్క కొలకర్ర

పాలకొడిసె కొమ్మను పచ్చిగా నరికితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాల వాసన ఒకలాంటి చేదుగా ముక్కుకు తగులుతుంది. మొన్న మా షాపు వెనక ఖాళీ జాగాలో ఒక స్లాషర్‌ను ట్రాక్టరుకు తగిలించి తిప్పి చూస్తుంటే ఆ వాసన గుప్పున లేచింది. స్లాషర్ అంటే ట్రాక్టరు వెనక తగిలించే వెడల్పాటి ఇనప రేకు, దాని కింద గిరగిరా తిరిగే కత్తులు. పొదలూ కంపా ఏదొచ్చినా తుక్కు చేస్తుంది. అవి అమ్ముకుంటూ, బాగుచేసుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. ఆ పనిలో నాకు గురువు మా పక్కింటి భద్రమ్మక్క. ట్రాక్టరు స్టీరింగు ఆమె ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఆ వాసన తగలగానే ఇంజను ఆపేశాను.

మా ఊరు బూర్గంపాడు దగ్గర. భద్రమ్మక్క చేను, మా వైపు మాటలో చెలక, అడవికి ఆనుకుని ఉండేది. ఆమె మాట్లాడితే రెండు వీధులకు వినపడేది, తిడితే మూడో వీధికి కూడా. భర్త పోయాక మూడేళ్ళు ఆ చేను బీడు పడింది. తంగేడు, రేగుకంప, పాలకొడిసె అన్నీ కలిసి మనిషెత్తు లేచాయి. తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం ఆమె మరిది ముత్తయ్య పెద్దమనుషులను కూర్చోబెట్టాడు.

"ఈ యేడు తొలకరికి గింజ పడకపోతే ఆ చెలక నేనే చేసుకుంట వదినె. ఎన్నేండ్లు అడివి పెంచుతవు?"

పెద్దమనుషులు అదీ న్యాయమే అన్నారు. ఆమెకు ఉన్నది ఆ ఒక్క చేనే. అది చేయి దాటితే మరిది చేనులోనే కూలికి వంగాలి. భద్రమ్మక్క "పడ్తది" అని ఒక్క మాట అని, కొంగు దులుపుకుని లేచింది.

పడుతుందని అనడం తేలికే, ఆ పొదలు కొట్టేవాళ్ళేరీ? ఎండలు ముదిరితే మా వైపు జనమంతా బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవిలోకి వెళతారు. ఊళ్ళో ముసలివాళ్ళూ కోళ్ళూ తప్ప ఎవరూ మిగలరు. నేను అప్పుడే ట్రాక్టరు కొన్నాను, కాళ్ళు నేలమీద ఆనడం లేదు. "అక్కా, ఖమ్మం పోయి పెద్ద స్లాషర్ తెస్తా, నీ చెలక రెండు రోజుల్ల సాఫు" అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నీ ట్రాక్టర్ని చూసి కొంటవా, నా చెలకను చూసి కొంటవా? అండ్ల పుట్టలున్నయిరా సత్యం."

నిజమే, ఆ చేనునిండా పాముపుట్టలు. తవ్వి చదును చేద్దామంటే ఆమె కళ్ళెర్రజేసింది. "నాగులచవితికి పాలు పోసిన చేత్తోని పార పెట్టమంటవా?" అంది. మా ఊళ్ళో ఆ మాటకు ఎదురుండదు. పుట్ట కూలితే తోలినవాణ్ణీ తోలించినదాన్నీ కలిపి వెలేస్తారు.

మర్నాడు తెల్లారి చూద్దును కదా, ఆమె పొడవాటి పాలకొడిసె కర్ర పట్టుకుని బస్సుకు తయారుగా ఉంది. అన్నిటికంటే దగ్గరగా ఉన్న రెండు పుట్టల మధ్య సందు ఎంతో, ఆ కర్ర అంత పొడవు. నా ట్రాక్టరు అందులో పడుతుంది. మరీ మానులైనవాటిని అప్పటికే తనే గొడ్డలితో కొట్టేసింది. మిగిలిన పొదల్లో అన్నిటికంటే లావు కర్ర అదే. కండక్టరు కర్ర అడ్డమని గొణిగి, దీనికీ టికెట్టు కొట్టమంటావా అన్నాడు. "సీటిచ్చి కొట్టు" అంది. బస్సంతా నవ్వింది.

ఖమ్మంలో షాపతను మమ్మల్ని నేరుగా పెద్ద మిషను దగ్గరికి తీసుకెళ్ళాడు. దాన్ని చూడగానే నాకు నోరూరింది. భద్రమ్మక్క కర్రను దానికి అడ్డంగా పెట్టింది. మిషను జానెడు బయటికి వచ్చింది. వంగి కింద కత్తిని చేత్తో కదిపింది. అది బోల్టులతో గట్టిగా బిగించి ఉంది.

"రాయి తగిల్తె ఏమైతది?"

"రాయి తగలకుండ నడపాలమ్మా."

"నా చెలకల రాళ్ళు నన్నడిగి మొలిచినయా?"

అతను నవ్వి, మూలనున్న చిన్న మిషను చూపించాడు. అది సత్తుపల్లి వైపు మామిడితోటలవాళ్ళు చెట్ల మధ్య గడ్డి కోయడానికి తీసుకునేదట. దాని కత్తులు కీలుమీద వేలాడుతున్నాయి, రాయి తగిలితే వెనక్కి మడుచుకుంటాయి. కర్ర పెడితే రెండువైపులా బెత్తెడేసి మిగిలింది. "పొదలకు ఆగుతదా మరి?" అని ఆమె కర్ర లావు చూపించింది. అతను దాన్ని గుప్పిట్లో పట్టి చూసి, ఇంతవరకైతే కోస్తుందన్నాడు. నాకు మాత్రం పరువు పోయినట్టయింది. అంత ట్రాక్టరు వెనక ఆ బుడ్డ మిషనా? "ఊళ్ళో నవ్వుతరక్కా" అన్నాను. "నవ్వనీ. పండ్లు బయట పడ్తయి" అంది.

దాన్నే కొని పని మొదలుపెట్టిన రోజు ముత్తయ్యతో సహా ఊళ్ళో ఉన్నవాళ్ళంతా గట్టుమీద చేరారు. నవ్వారు కూడా. భద్రమ్మక్క అందర్నీ దూరం తరిమింది. మిషను తిరిగింది. పొదలు పడుతున్నాయి, పాలకొడిసె వాసన చేనంతా నిండింది. ఓచోట కనపడని బండ తగిలి ఠంగుమంది. కత్తి మడుచుకుని మళ్ళీ తెరుచుకుంది, బండి ఆగలేదు. చివరికి ఆ రెండు పుట్టలొచ్చాయి. సందుకు అవతల, బాగా దూరంగా భద్రమ్మక్క కర్రను రెండు చేతులా అడ్డంగా ఎత్తిపట్టి నిలబడింది. నా చెమట కళ్ళలోకి కారుతోంది. ఆమె ముఖం తప్ప ఇంకేమీ చూడకుండా ముందుకు పోనిచ్చాను. దాటాక వెనక్కి తిరిగి చూస్తే పుట్టల మీద పోయినేడు చల్లిన పసుపు కూడా చెదరలేదు. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా లేదు, మా ఆవిడ ఏమనుకున్నా సరే.

చేను దున్ని సిద్ధం చేశాం, వాన పడింది. గింజ వేసే రోజు ముత్తయ్య గట్టుమీద ఊరికే నిలబడి ఉన్నాడు. భద్రమ్మక్క విత్తనాల ఒడి కట్టుకుని ఎద్దులనూ విత్తనం వేసే గొర్రునూ చూపించింది.

"చెలక నేనే చేసుకుంట అన్నవు గద మరిదీ. రా మరి, గొర్రు పట్టు. గింజ నేనేస్త."

ఊరంతా చూస్తుండగా అతను చెప్పులు విడిచి చేనులోకి దిగాడు. ముందు అతను, వెనక గింజలు జారవిడుస్తూ ఆమె, సాయంత్రం దాకా నడిచారు. ఆ తర్వాత అతను ఆ చేను మాట ఎత్తలేదు. ఏటా విత్తనాలప్పుడు మాత్రం పిలవకుండానే వచ్చేవాడు.

ఆ యేడు గింజ పడ్డాక భద్రమ్మక్క కర్ర నా చేతిలో పెట్టి "ఉంచుకోరా, నీకు చూపు తక్కువ" అంది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. కర్ర మా షాపు మూలన ఉంది. మొన్న ఆ ఇంజను ఆపి లోపలికి వచ్చేసరికి ఒక కుర్ర రైతు ఎదురుచూస్తున్నాడు. అన్నిటికంటే పెద్ద స్లాషర్ కావాలన్నాడు. ట్రాక్టరు ఎంత బలమైనదో చెప్పాడు. చేనులో ఏముందని అడిగితే బుర్ర గోక్కున్నాడు. నేను మూలనుంచి కర్ర తీసి చూపించి, ఇలాంటిది మీ చేనులోంచి కోసుకురమ్మని పంపేశాను. చేతికొచ్చిన బేరం పోగొట్టుకున్నానని మావాళ్ళు గొణిగారు.

నిన్న అతను మళ్ళీ వచ్చాడు, భుజాన పచ్చి కర్రతో. చివర ఇంకా పాలు కారుతున్నాయి.