పన్నెండు పెట్టెలు, కనబడని డిస్కులు

గ్రంథాలయంలో ఆమెను అందరూ స్క్రూడ్రైవరమ్మ అంటారు. రేడియోలు బాగుచేసే కొట్టులో టంకం వేడికి వేళ్లు కాల్చుకుని పని నేర్చిన మనిషి. నోటికి తక్కువ, చేతికి ఎక్కువ పని చెబుతుంది. ఇక్కడ కంప్యూటర్లు చూసే ఉద్యోగం ఏడాది గడువు మీద ఇచ్చారు. ఆ గడువు ఈ నెలాఖరుతో తీరిపోతుంది.

కొత్తగా పన్నెండు కంప్యూటర్లు వచ్చాయి. తను తయారుచేసిన పెన్‌డ్రైవు పెట్టి మీట నొక్కితే, ఎవరినీ ఏమీ అడగకుండా ఆపరేటింగ్ సిస్టం దానంతటదే ఎక్కిపోవాలి. పోయినేడు పాతవాటన్నిటికీ అలాగే ఎక్కించింది. ఈసారి పన్నెండూ ఒకే మాట చెప్పి ఆగిపోయాయి: డిస్కు లేదు.

స్టోర్‌కీపరు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"లేదంటే ఏంటమ్మా? సీలు విప్పకుండా అప్పజెప్పాను. నిన్నంతా ఈ గది తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే సార్."

"అదే నేనూ అంటున్నా."

ఆమె ఒక కంప్యూటరు పెట్టె మూత విప్పింది. డిస్కు దాని చోట అది ఉంది.

"ఉంది సార్, చూడండి."

"ఏదో ఉంది. కొత్తది లాగేసి పాత ముక్క ఇరికిస్తే నాకేం తెలుస్తుంది?"

ఆయన జేబులోంచి కాగితం తీసి గ్రంథాలయం పెద్దసారుకి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాడు. అది పైకి వెళితే గడువు పొడిగింపు మాట దేవుడెరుగు, బయట కూడా ఎవరూ పని ఇవ్వరు.

ఈయనే నాసిరకం సరుకు దించి తన నెత్తిన రుద్దుతున్నాడేమో అనిపించింది ఆమెకు. కానీ అనుమానంతో స్క్రూ కూడా ఊడదు. కంప్యూటరు సొంత సెట్టింగుల తెర తెరిచింది. అక్కడ డిస్కు పేరూ సైజూ నిక్షేపంగా ఉన్నాయి. అంటే పెట్టెకు కనబడుతోంది, పెన్‌డ్రైవుకే కనబడటం లేదు. ఈ కొత్తరకం డిస్కుతో మాట్లాడే చిన్న ప్రోగ్రాం, డ్రైవరు, అందులో లేదు. తప్పు తనదే.

తయారీదారు సైటు నుంచి డ్రైవరు తెచ్చి చేర్చింది. డిస్కు కనబడింది. సిస్టం ఎక్కింది. స్టోర్‌కీపరు కలం ఆపాడు. తీరా కంప్యూటరు తిరిగి లేస్తూనే నీలం తెర పడింది, డిస్కు అందడం లేదంటూ.

"గారడీ బాగుంది. చూపించావు, మాయం చేశావు!" కలం మళ్లీ కదిలింది.

ఆమె నీలం తెరనే చూస్తూ కూర్చుంది. ఎక్కించేవాడికి దారి చెప్పింది సరే, ఎక్కి కూర్చున్నవాడికి ఎవరు చెప్పారు? డ్రైవరు పెన్‌డ్రైవుకు అందింది కానీ, లోపల దిగిన సిస్టంలోకి వెళ్లలేదు. ఈసారి రెండుచోట్లా పెట్టింది.

మధ్యాహ్నానికి పన్నెండూ లేచాయి. ప్రతి డిస్కు నంబరునూ ఆయన చేతే బిల్లుతో సరిచూయించింది.

"గట్టిదానివే" అంటూ ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"అది చింపండి సార్."

"పారేస్తాలేమ్మా. నా మీద నమ్మకం లేదా?"

"పొద్దున్నించీ మీకు నా మీద ఎంత ఉందో, అంతే ఉంది సార్."

ఆయన నవ్వలేక నవ్వి చింపాడు. ముక్కలు చెత్తబుట్టలో వేయబోతుంటే ఆమె చెయ్యి చాపి అందుకుంది. ఒక్కటీ జారకుండా అన్నీ తన సంచిలో వేసుకుంది.