ప్రెసిడెంటు మీద వేసిన బొమ్మ

మొన్న రాయచూరులో ఒక ప్రెస్సు ముందు నడుస్తుంటే, అచ్చు సిరాలో కిరసనాయిలు కలిసిన వాసన తగిలింది. వెంటనే నర్సప్ప సారు చేతులు గుర్తొచ్చాయి. ఆయన నాలుగు పేజీల వారపత్రిక నడిపేవాడు. మొదటి పేజీలో వచ్చే వ్యంగ్య చిత్రాన్ని తానే చెక్క మీద ఉలితో చెక్కి అచ్చు వేసేవాడు. నాలుగో తరగతి దాటని నాకు శాతాలు కట్టడం నేర్పింది ఆయనే.

కాలువ కింద వరి పండుతున్నా కూలివాళ్లకు జొన్నలు దొరకని ఏడాది అది. మా ఊరి వినియోగదారుల సంఘం యాభై కిలోల జొన్న మూటలు అమ్మేది. ఒకరోజు దుకాణం గుమ్మంలో నిలబడి తూకం చూశాను. త్రాసు ఒక తట్టలో మూట, రెండో తట్టలో సరిగ్గా యాభై కిలోల తూకపు రాళ్లు. గోనె బరువు కిలో తీసేస్తే గింజలు నలభై తొమ్మిదే. మూడు వందల మూటలకు లెక్క కట్టి కాగితం సారుకిచ్చాను.

ఆ వారమే బొమ్మ వచ్చింది. “వినియోగదారుల రక్షణ” అన్న బోర్డు కింద సంఘం ప్రెసిడెంటు మెడలో దండతో త్రాసు మీద, జొన్నల తట్టలో కూర్చున్నాడు. హోటళ్లలో అందరూ నవ్వుకున్నారు. ఆదివారం సభలో చేతులెత్తించి ఆయన్ను దించేశారు. నేనూ ఎత్తాను. దిగిపోతూ ప్రెసిడెంటు, పత్రికాయన ఒకసారి వచ్చి తూకం చూస్తే బాగుండేదని మాత్రం అన్నాడు.

మర్నాడే సారు నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాడు. రాళ్లు ఒక్కొక్కటే ఎత్తించాడు. అడుగున మడత పెట్టిన ఖాళీ గోనె ఉంది. సంచి బరువు కొనేవాళ్ల మీద పడకుండా అక్కడ మొదటినుంచీ అలాగే వేస్తున్నారట. గింజలు నిండా యాభై కిలోలు.

తప్పు నాదని నలుగురిలో చెబుతానన్నాను.

“నువ్వు గుమ్మంల నిలబడి చూసినవ్ ఈరన్నా,” అన్నాడు సారు. “నేను గుమ్మం దాకా గూడ రాలే. బొమ్మ కింద పేరు ఎవరిది?”

మరుసటి వారం అదే త్రాసు, అదే తట్ట. అందులో ప్రెసిడెంటుకు బదులు, ఉలి పట్టుకుని కళ్లు మూసుకున్న సారు. నా పేరు ఎక్కడా లేదు. పత్రిక కొనేవాళ్లు సగానికి సగం తగ్గారు. ప్రెసిడెంటును మాత్రం మళ్లీ ఎవరూ కుర్చీలో కూర్చోబెట్టలేదు.

నెల తర్వాత ధైర్యం చేసి ప్రెసిడెంటు ఇంటికి వెళ్లి, ఆ లెక్క కట్టింది నేనేనని చెప్పాను.

“గోనెకు ఎంత తీసేసినవ్?” అని అడిగాడు ఆయన.

“కిలో.”

“గంతే ఉంటది. లెక్క మంచిగనే కట్టినవ్,” అని లోపలికి వెళ్లిపోయాడు.

ఇప్పటికీ ఊరివాళ్లు తూకాల ఫిర్యాదులు నా దగ్గరికి తెస్తారు. అంకెలు వేశాక ఎవరి మీద ఫిర్యాదో ముందు వాళ్లకే ఆ కాగితం చూపిస్తాను, వాళ్లు చెప్పేది కూర్చుని వింటాను. కొన్నిసార్లు ఈలోపు పత్రిక అచ్చయిపోతుంది, నా లెక్క లేకుండానే.