పడుకుంటే బాగుండే మనిషి

ఆ షెడ్డుకి వచ్చే కార్ల వాళ్ళలో సగం మందికి మెకానిక్ మొహం తెలియదు. కాళ్ళు మాత్రమే తెలుసు. కారు కిందనుంచి బయటికి పొడుచుకొచ్చిన ఆ రెండు పాదాలతోనే బేరం, వాటితోనే వాదన. చక్రాల చెక్క మీద వెల్లకిలా పడుకుని లోపలికి దూరాడంటే ఆ మనిషి రాజు. బయటికొచ్చి నిలబడ్డాడంటే నాలుగడుగులకే రొప్పు, మళ్ళీ చెక్క మీదికే ప్రయాణం.

"నిలబడితే ఊపిరాడటం లేదే, పడుకుంటే ఆడుతోంది," అని భార్యకి మొదటిసారి చెప్పినప్పుడు ఆవిడ బట్టలు మడతపెడుతోంది. మడత ఆపలేదు కూడా. లోకంలో ఆయాసం ఉన్నవాళ్ళు పడుకోలేక లేచి కూర్చుంటారు. ఈయనది తలకిందుల ఆయాసం, అదీ ఇంటిపని చెప్పినప్పుడు మరీ ఎక్కువ. పైగా ఆయన చరిత్ర అంత గొప్పది కాదు. పెళ్ళయిన కొత్తలో నడుం నొప్పని అటక సర్దే పని ఆవిడ నెత్తిన పడేసి, ఆ సాయంత్రమే వీధి చివర బంతాట ఆడుతూ అడ్డంగా దొరికిపోయాడు. ఆవిడ మర్చిపోయే రకం కాదు.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. పడుకుని తింటే ఏమవుతాయో మీరే చెప్పాలి," అనేది.

"ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు," అని కారు కిందనుంచి జవాబొచ్చేది.

ఆస్పత్రికీ రెండుసార్లు వెళ్ళొచ్చాడు. రెండుసార్లూ నర్సు పడుకోమంది. పడుకోమంటే ఈయనకి అంతకన్నా కావలసిందేముంది? వేలికి క్లిప్పు పెట్టి, రక్తంలో ఆక్సిజన్ తొంభై ఎనిమిది, భేషుగ్గా ఉంది, రోజూ కాస్త నడవండి అని పంపేశారు. నడవమన్న మాట ఆవిడకి వేదవాక్కయింది. పొద్దున్నే వీధిలోకి తరిమేది. ఆయన మొదటి మలుపు దగ్గరే ఎవరో ఒకరి అరుగు మీద వాలిపోయేవాడు.

షెడ్డు ఆవిడ తమ్ముడిది. ఒకరోజు అతను వచ్చి తల గోక్కున్నాడు. "అక్కా, బావని ఎన్నాళ్ళని మోసేది? బానెట్ ఎత్తి నిలబడే పనంతా నా మీదే పడుతోంది. జబ్బైతే జబ్బని తేల్చండి. కాకపోతే ఇంకో మనిషిని పెట్టుకుంటా."

పని పోతే ఆ వయసులో ఇంకెవరిస్తారు? అందుకే మూడోసారి ఆవిడే బయలుదేరదీసింది. రోగం కనిపెట్టడానికి కాదు. నాటకమని డాక్టరు చేత మొహానే అనిపిస్తే, సిగ్గుపడైనా లేచి నిలబడతాడని.

ఆయన మంచమెక్కి పడుకున్నాడు. క్లిప్పు తొంభై ఎనిమిది చూపించింది.

"చూశారుగా డాక్టరమ్మా," అంది ఆవిడ. "ఆ క్లిప్పు తియ్యకుండానే ఈయన్ని నిలబెట్టండి. ఈయన నటిస్తారు గానీ ఆ నంబరు నటించదు కదా."

అలా ఎవరూ అడగలేదో ఏమో, డాక్టరమ్మ ఒక క్షణం ఆలోచించి, నిలబడమంది. ఆయన భార్య వంక ఒకసారి చూసి లేచాడు. తొంభై నాలుగు. ఎనభై ఎనిమిది. ఎనభై ఒకటి.

"క్లిప్పు వదులైందేమో," అంటూ ఆవిడే వేలికి గట్టిగా నొక్కింది. డెబ్బై తొమ్మిది.

"పడుకోండి. పడుకోండీ," అని ఆవిడే ఆయన భుజాలు పట్టి మంచం మీదికి తోసింది. ఏడాదిగా మొగుణ్ణి వీధుల వెంట తరిమింది తనేనని ఆ నంబరు చెబుతోంది.

పరీక్షలయ్యాక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. గుండె పై గదులు రెండింటి మధ్య గోడలో చిన్న తలుపు ఒకటి పుట్టుకతో ఉంటుంది. కొందరిలో అది పూర్తిగా అతుక్కోదు, అయినా మూసుకునే ఉండి ఏ ఇబ్బందీ పెట్టదు. ఈయనకి గుండెలోంచి బయల్దేరే పెద్ద రక్తనాళం ఉబ్బి ఆ గోడని నెట్టింది. గోడ వదులైంది. నిలబడితే నాళం గోడ మీదికి ఒరిగి తలుపు తెరుచుకుంటుంది, ఊపిరితిత్తులకి వెళ్ళాల్సిన రక్తం ఆక్సిజన్ అందుకోకుండానే అడ్డదారిన అవతలి గదిలోకి దూరిపోతుంది. పడుకుంటే తలుపు మూసుకుంటుంది.

"పక్కింటివాడు గోడ నెడితే మనింటి తలుపు చట్రం వంకరపోయినట్టన్నమాట," అన్నాడు మెకానిక్, పడుకునే.

కాలి నరంలోంచి తీగ పంపి ఆ తలుపుకి బిళ్ళ బిగించారు. నాళం ఇంకా ఉబ్బకుండా మాత్రలిచ్చి, అప్పుడప్పుడూ చూపించుకోమన్నారు. బావమరిది తేలు కుట్టిన దొంగలా వారం రోజులు నోరెత్తలేదు.

నెల తిరక్కుండానే ఆయన పనిలోకి వెళ్ళాడు. ఒక మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ తీసుకుని షెడ్డుకి వెళ్తే, కారు కింద అవే రెండు పాదాలు. స్పానర్ చప్పుడు లేదు. కాళ్ళు పట్టి లాగింది. చెక్క దొర్లుకుంటూ బయటికొచ్చింది.

"మళ్ళీ ఊపిరాడటం లేదా?"

"బాగానే ఆడుతోందే."

"మరి?"

"ఇది మటుకు ఒట్టి బద్ధకమే," అన్నాడాయన, ఆవులిస్తూ.

ఆవిడ నమ్మలేదు. సంచీలోంచి కొత్తగా కొన్న క్లిప్పు తీసి వేలికి పెట్టి, నిలబడమంది. నిలబడ్డాడు. తొంభై ఏడు. కాసేపు చూసింది. తొంభై ఏడే. కళ్ళు తుడుచుకుంది.

"సరే, పడుకోండి," అని చెక్కని తనే కారు కిందికి తోసింది.

ఇంతలో కారు తాలూకు మనిషి వచ్చి, బండి అయిందా అని పాదాలనడిగాడు. పాదాలు పలకలేదు.

"ఆయనకి ఒంట్లో బాగోలేదండీ," అంది ఆవిడ. "సాయంత్రం రండి."