ఉఫ్‌ అక్క ఒకటిన్నర సెకను

నడుం పోవడం తన తప్పేనని రాసి ఉన్న కాగితం మీద ఆమె సంతకం పెట్టింది. ఆసుపత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని, అట్టను ఛాతీకి ఆనించుకుని, పెన్ను తలకిందులై రాయకపోతే రెండుసార్లు విదిలించి మరీ పెట్టింది. కాగితం తెచ్చిన గుమాస్తా "థాంక్సమ్మా" అన్నాడు. "పర్లేదు సార్" అంది.

ఆ "పర్లేదు" మీద ఆమెకు కోపం రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. వచ్చాక మాత్రం ఊరికే పోలేదు.

కాగితంలో ఉన్నవి రెండే వాక్యాలు. "కార్మికురాలి శరీర తీరు తొడుగుకు అనుకూలంగా లేదు. ఆ సంగతి ఆమె ముందుగా తెలియజేయలేదు." కింద గోదాము మేనేజరు సంతకం, దాని పక్కన ఈమెది.

గోదాములో అందరూ ఆమెను ఉఫ్‌ అక్క అంటారు. ఇరవై రెండేళ్లు పెట్టెలు ఎత్తిన మనిషి. ట్రక్కులోంచి బల్ల మీదికి, బల్ల మీంచి అరలోకి, అరలోంచి మళ్లీ ట్రక్కులోకి. ఎత్తబోయే ముందు రెండు అరచేతులూ పెట్టె అంచుల మీద ఆనిస్తుంది. ఒక్క క్షణం ఆగుతుంది. "ఉఫ్‌" మని గాలి వదులుతుంది. అప్పుడు లేస్తుంది, పెట్టెతో సహా. వాళ్ల నాన్నా మూటలు మోసినవాడే. "బరువుకి చెప్పి ఎత్తాలమ్మా. చెప్పకుండా ఎత్తితే అది పగబడుతుంది" అనేవాడట. తోటివాళ్లలో సగం మంది నలభై దాటకుండానే నడుం పట్టుకుని కూలబడ్డారు. ఈమెకి మాత్రం ఒక్కనాడూ నొప్పి లేదు.

అదే ఆమె కొంప ముంచింది.

కంపెనీ వాళ్లు మనిషి ఒంటికి తొడిగే యంత్రం ఒకటి చేయిస్తున్నారు. భుజాల నుంచి మోకాళ్ల దాకా నల్ల పట్టీలు, నడుంకి రెండు పక్కలా పిడికిళ్లంత మోటార్లు, తొడల మీద రేకులు, బూట్ల లోపల పాదాల కింద పలకలు. వేసుకుంటే ముప్ఫై కిలోల పెట్టె మూడు కిలోల్లా లేస్తుంది. ఆ యంత్రానికి ఎత్తడం నేర్పాలి. ఎవరిని చూసి నేర్చుకోవాలి? నడుం నొప్పి ఎరగని మనిషిని చూసి.

నలభై రోజులు ఉఫ్‌ అక్క ఒంటి నిండా బిళ్లలు అంటించి కొలతలు తీశారు. తీసింది అప్పుడే చదువు ముగించి వచ్చిన ఒక అమ్మాయి. కొలతలమ్మాయి అనేవాళ్లు. ఒకరోజు ఆ పిల్ల అడిగింది.

"ఆంటీ, మీ ఎడమ మడమ ఎందుకలా బయటికి తిరుగుతుంది?"

"పంతొమ్మిదేళ్లప్పుడు చెక్క పడిందమ్మా దాని మీద. వంకరగా అతుక్కుంది. బరువొస్తే అలా తిరుగుతుంది. నడకలో ఏం తెలీదు."

"మరి ఈ ఉఫ్‌?"

"అది వంకర కాదు. అది మా నాన్న."

నలభయ్యో రోజున తెర మీద గీతల బొమ్మ ఒకటి పెట్టె ఎత్తి చూపించింది. అచ్చం ఉఫ్‌ అక్కే. చూడ్డానికి మేనేజరు వచ్చాడు. ఆయన మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచీ వేలాడుతూ ఉంటుంది. వెనకాల అందరూ టిక్‌టిక్‌ సారు అంటారు.

"మధ్యలో బొమ్మ ఆగిందేం?"

"ఊపిరి వదులుతున్నారు సార్" అంది కొలతలమ్మాయి.

"ఎంతసేపు?"

"ఒకటిన్నర సెకను."

"రోజుకి వెయ్యి పెట్టెలు. గాలికి జీతమిమ్మంటావా? తీసెయ్‌."

"అదెందుకుందో చూడకుండా తీసేస్తే సార్..."

"తీసెయ్యమన్నానా!"

గదిలో అందరూ నవ్వారు. ఉఫ్‌ అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ తన నోటి మీద తనే కొట్టుకుంటుంది.

తొడుగులు వచ్చాయి. గోదాము గోడ నిండా రంగుల బొమ్మలు అంటించారు. రేపటి మనిషి అట. తొడుగేసుకుని మంటల్లోకి దూకే ఫైర్‌మన్‌, రోగిని పసిపాపలా ఎత్తే నర్సు, ఆరో అంతస్తు మెట్లెక్కుతున్న ముసలమ్మ. ఆ బొమ్మలు తర్వాత నేనూ చూశాను, వాటిలో నాకేం తప్పు కనిపించలేదు. అలాంటి రోజు రావాలనే కోరుకుంటాను. మొదటి వారం గోదాములో ఆడవాళ్లూ మురిసిపోయారు. ఒంటిని కరుచుకుని వదలదు కాబట్టి దానికి సవతి అని పేరు పెట్టారు.

"ఏమే, సవతిని కట్టుకున్నావా?"

"కట్టుకోకపోతే ఊరుకుంటుందా? మొగుడైనా అప్పుడప్పుడు వదుల్తాడు, ఇది వదలదు."

ఇంకో తమాషా కూడా జరిగింది. గోదాములో ఉన్న మూడు వందల మందికీ పెట్టె ఎత్తేటప్పుడు ఎడమ మడమ బయటికి తిరగడం మొదలైంది. తొడుగు ఉఫ్‌ అక్క వంకరను కూడా పొల్లుపోకుండా నేర్చుకుంది. "అందరూ నీ కడుపున పుట్టినట్టున్నారే అక్కా" అని వేళాకోళం చేశారు. ఆమెకు లోపల్లోపల గర్వంగానే ఉండేది.

తర్వాత అరగంట విడతకి నలభై ఉన్న పెట్టెలు కాస్తా అరవై అయ్యాయి. మధ్యలో పట్టీలు వదులు చేసుకుంటున్నారని తాళం పెట్టించాడు టిక్‌టిక్‌ సారు. విడత పూర్తయితేనే నడుం పట్టీ ఊడుతుంది, అంతదాకా తొడుగే ఒక పెట్టె తర్వాత ఇంకో పెట్టె మీదికి వంచుతుంది. లేదంటే ఆయన దగ్గరున్న తాళంచెవితో తియ్యాలి.

మిగతావాళ్ల ఒంటికి ఉఫ్‌ అలవాటు లేదు కాబట్టి దెబ్బ నెమ్మదిగా తగిలింది. ఉఫ్‌ అక్కకు వెంటనే తగిలింది. చేతులు పెట్టె అంచు తాకగానే తొడుగు లేచేస్తుంది. ఈమె ఒళ్లేమో ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ అప్పుడే గాలి వదలబోతుంది. సగం ఊపిరి లోపల, సగం బయట ఉండగా బరువొచ్చి నడుం మీద కూర్చుంటుంది. బరువుకి చెప్పడం కుదరలేదు. అది పగబట్టింది.

నలభై రెండో పెట్టె దగ్గర అరిచింది. "సార్‌, తాళం తియ్యండి. నడుంలో ఏదో పట్టేసింది."

ఆయన వాచీ చూసుకుని, "ఇంకా పద్దెనిమిదే కదమ్మా" అన్నాడు.

ఇంకో పదకొండు ఎత్తింది. తర్వాత స్పృహ తప్పింది. కానీ పడలేదు. తొడుగు పడనివ్వలేదు. చేతుల్లో పట్టు లేకపోయేసరికి వంచడం ఆపి, స్పృహ లేని మనిషిని బల్ల ముందు నిటారుగా నిలబెట్టి ఉంచింది. అక్క అలిసిపోయి ఆగిందనుకున్నారు పక్కవాళ్లు. మెడ వాలిపోయాక గానీ ఎవరూ చూడలేదు.

ఇది జరిగిన మూడో రోజే ఆ కాగితం వచ్చింది.

ఇంటి దగ్గర ఉన్నది అక్కాచెల్లెళ్లిద్దరే. చెల్లెలు కూడా అదే గోదాములో పెట్టెలు ఎత్తుతుంది. ఎనిమిది నెలలు అక్కకు చెప్పులు తొడిగింది, జుట్టు దువ్వింది, నడుంకి బెల్టు బిగించింది. అక్క నోరెత్తలేదు. "సంతకం పెట్టాను కదే, ఇంకేం మాట్లాడతాం" అనేది.

ఒక సాయంత్రం చెల్లెలు పని నుంచి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పి, లేవబోయి ఆగిపోయింది.

"ఏమైందే?"

"ఏం లేదక్కా. మెట్లెక్కేటప్పుడు ఇక్కడ పట్టేస్తోంది."

చెయ్యి వేసి చూపించిన చోటును ఉఫ్‌ అక్క కళ్లు మూసుకున్నా గుర్తుపడుతుంది. చెల్లెలి ఎడమ బూటు తీసి తిరగేసింది. మడమ బయటి అంచు అరిగి నున్నగా ఉంది. గోడవారన ఎనిమిది నెలలుగా ముట్టకుండా పడి ఉన్న తన ఎడమ బూటు తెప్పించి పక్కన పెట్టింది. రెండూ ఒకేలా అరిగాయి.

"రేపు మీ వాళ్లందరి దగ్గరా పాత బూట్లుంటే పట్టుకురా. ఎడమవి చాలు."

"ఏం చేస్తావే? దండ గుచ్చుతావా?"

"ఆ, టిక్‌టిక్‌ సారు మెడకి."

"అక్కా, ఇప్పుడు గొడవెందుకు? నీకేం కావాలి చెప్పు."

"వాడి నడుం."

"నోర్ముయ్యవే, ఎవరైనా వింటారు!"

"విరగ్గొట్టనులే. అరగంట అరువిస్తే చాలు."

సంచిలో పద్నాలుగు ఎడమ బూట్లతో, బెల్టు బిగించుకుని, ఉఫ్‌ అక్క కార్మిక శాఖ ఆఫీసులో కూర్చుంది. అక్కడి అధికారిణి మొదట చెప్పులు కుట్టే మనిషి అనుకున్నారట. సంచి బల్ల మీద బోర్లించి, ఒక్కో బూటూ తిరగేసి చూపించాక ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఇన్ని కాళ్లకీ ఒకే వంకర ఎలా వచ్చింది?"

"అది నా వంకర మేడమ్‌. నా శరీరం తొడుగుకి సరిపోలేదని రాశారు. ఆ తొడుగే నా శరీరం. అందులో నా అవిటితనం ఉంచుకున్నారు, నా ఊపిరి తీసేశారు."

విచారణ గోదాములోనే జరిగింది. మధ్యాహ్నం పని ఆపి అందరినీ గోడవారన నిలబెట్టారు. వాళ్లలో నేనూ ఉన్నాను, ఆమె అర్జీ రాసిపెట్టిన మనిషిగా. టిక్‌టిక్‌ సారు ధీమాగా ఉన్నాడు.

"మేడమ్‌, ఇది ఎవరైనా తొడుక్కోవచ్చు. పసిపిల్లాడు కూడా. ఈవిడ ఒంట్లోనే ఏదో లోపముంది. ఇంతమంది పనిచేస్తున్నారు, అందరూ బాగానే ఉన్నారుగా?"

ఉఫ్‌ అక్క కుర్చీలోంచి లేవకుండానే అంది. "అయితే మీరు తొడుక్కోండి సార్‌. ఒక్క విడత."

గోడవారన ఎవరో నవ్వారు. అందరి ముందూ వెనక్కి తగ్గలేకపోయాడు. కోటు విప్పి, వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. చెల్లెలే పట్టీలు బిగించింది, బాగా బిగించింది. తాళం వేసి, తాళంచెవి అధికారిణి చేతిలో పెట్టింది. "రూలు సార్‌. పనిచేసే మనిషి దగ్గర ఉండకూడదు కదా."

మొదటి పెట్టె ఎత్తాడు. మూడు వందల మందీ ఆయన ముఖం చూడలేదు, పాదం చూశారు. ఎడమ మడమ మెల్లగా బయటికి తిరిగింది.

"చూశారా మేడమ్‌? పంతొమ్మిదేళ్లప్పుడు చెక్క నా కాలి మీద పడింది. సారు కాలి మీద కాదు" అంది ఉఫ్‌ అక్క. అధికారిణి రాసుకున్నారు.

విచారణకు అంతే చాలు. ఉఫ్‌ అక్కకు చాలలేదు. బల్ల మీది వాచీ అందుకుని నొక్కింది.

"కానివ్వండి సార్‌. అరవై."

పది దాకా హుషారుగా ఎత్తాడు. పదిహేనుకి చొక్కా తడిసింది. ఇరవై ఆరో పెట్టె దగ్గర తెలియకుండానే నోటితో గాలి వదలబోయాడు.

"ఉఫ్‌ అనకండి సార్‌! గాలికి జీతమివ్వరు."

ఈసారి నవ్వింది గోడంతా. ఆయన మొహం ఎర్రబడింది. ముప్ఫై ఎనిమిదో పెట్టె చేతుల్లో ఉండగా నడుం దగ్గర ఏదో కలుక్కుమంది. "తియ్యండి! తాళం తియ్యండి, ప్లీజ్‌!"

ఉఫ్‌ అక్క వాచీ చూసింది. ఎనిమిది నెలలుగా నాలుక కింద దాచుకున్న మాట అప్పుడు బయటికి తీసింది.

"ఇంకా ఇరవై రెండే కదా సార్‌."

తొడుగు ఆయన్ని తర్వాతి పెట్టె మీదికి వంచింది. అధికారిణి లేచారు. ఆవిడ నడిచి వెళ్లి తాళం తీసేలోపు ఇంకో రెండు పెట్టెలు లేచాయి. ఆ రెండింటినీ ఉఫ్‌ అక్క పైకి వినపడేలా లెక్కపెట్టింది.

ఆసుపత్రిలో సంతకం పెట్టించిన కాగితం చెల్లదని, ఉఫ్‌ అక్క గాయం పని వల్లనే అయిందని తీర్పు వచ్చింది. ఒకటిన్నర సెకను తిరిగి పెట్టేదాకా ఆ గోదాములో తొడుగులు కొక్కేలకే వేలాడాలని రాశారు. "మీరైతే ఎలాంటి తొడుగు చేయిస్తారు?" అని అధికారిణి అడిగితే, "నేను ఉఫ్‌ అనేదాకా ఆగేది మేడమ్‌. నా చేత్తో ఊడేది. ముసలివాళ్లకి ముందివ్వండి, తొందర లేనివాళ్లకి. వాళ్ల దగ్గర బుద్ధి నేర్చుకుంటుంది" అంది.

టిక్‌టిక్‌ సారు వారం రోజులు సెలవు పెట్టాడని చెల్లెలు చెప్పింది. ఉఫ్‌ అక్క అయ్యో అనలేదు. "ఎడమ పక్కా, కుడి పక్కా?" అని అడిగింది. పగ మంచిది కాదని ఆమెకు చెప్పబోయినవాళ్లున్నారు. నేను చెప్పలేదు. ముందు ఆమె నడుం తెచ్చిచ్చి, తర్వాత చెప్పమనండి.

అయితే కథ గెలుపుతో అయిపోలేదు. తీర్పు ఆ ఒక్క గోదాముకే. అవే తొడుగులు ఇంకా ఎన్నో చోట్ల అమ్ముడుపోయాయి, ఆమె వంకరతో, ఆమె ఊపిరి లేకుండా. వాటికోసం ఆమె ఇంకా బూట్లు పోగుచేస్తూనే ఉంది. ఇంటి వరండాలో బస్తా నిండింది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ గుమ్మం ముందు పెట్టె దించే మనిషి కాళ్ల వంక ఒకసారి చూడండి. ఎడమ మడమ బయటికి తిరిగితే ఆ మనిషిని కూర్చోబెట్టండి, మంచినీళ్లివ్వండి, నడుం ఎలా ఉందో అడగండి. తాళం ఎవరి దగ్గరుందో అడగండి. చెప్పింది రాసుకుని మీ ఊరి కార్మిక శాఖకు మీ పేరుతో పంపండి, ఆ మనిషి పేరుతో వద్దు, ఉద్యోగం పోతుంది. మీ పని చోటికే అలాంటిది వస్తే, తొడుక్కునే ముందు ఇది ఎవరి ఒంటి నుంచి నేర్చుకుంది, అందులోంచి ఏం తీసేశారు అని నిలదీయండి. జవాబు వచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. పెన్ను రాయకపోతే విదిలించకండి.